ముక్కుకు కట్టిన శాలువా

ఏది ముందో ఏది వెనకో నాకీమధ్య తారుమారవుతోంది. తప్పుంటే సర్దుకుని చదవండి.

ఒక చెరువులో అంతర్జాతీయ స్నేహ సంగీత నృత్యోత్సవం పెట్టారు. దేశదేశాల కొంగలు నాట్యం చేయడానికి వచ్చాయి. వాటి నాయకుడు బోరిస్, మంచుదేశం వాడు. డోలు వాయించేది చెరువు కప్ప వెంకాయమ్మ. కొంగలు కప్పల్ని తింటాయని ఆమెకు తెలియక కాదు. మధ్యాహ్న భోజనం వేళకు ముందే అంతా ముగిస్తానని అధ్యక్షుడు, తాబేలు కూర్మయ్య మాటిచ్చాడు.

ఆ కూర్మయ్యే వేదికెక్కి దిగలేదు. ఒక్కో అతిథికీ తామరాకు శాలువా కప్పడం, గంటసేపు పొగడటం. పొద్దు నడినెత్తి దాటింది. బోరిస్ చూపు డోలు మీంచి వెంకాయమ్మ తొడల మీదికి జారింది.

"అక్కా, మీ చెరువులో భోజనం చాలా రుచిగా ఉంటుందటగా?" అన్నాడు మర్యాదగా.

వెంకాయమ్మ చటుక్కున ఒక తామరాకు లాగింది.

"అయ్యో తమ్ముడూ, అసలు సన్మానం మిగిలిపోయింది! మా దగ్గర గొప్ప కళాకారులకు శాలువా ముక్కుకు కడతాం," అంటూ చుట్టి, తామర తూడుతో బిగించి ముడేసింది.

బోరిస్ ఛాతీ పొంగింది. మిగతా కొంగలు ఊరుకోలేదు.

"అంటే మేం కళాకారులం కామా?"

వెంకాయమ్మ అందరి ముక్కులకూ ఓపిగ్గా కట్టి, అప్పుడు డోలు అందుకుంది. కొంగలు సాయంత్రం దాకా ఆడాయి. గౌరవం పోతుందని ఒక్కటీ ముడి విప్పమనలేదు.

కూర్మయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్ని దేశాలవాళ్లం కలిశాం. ఒక్కరైనా నోరెత్తారా? స్నేహమంటే ఇదీ!"

అమ్మా ప్రసూనా, నే చెబుతుంటే రాస్తున్నావుగా, ఆ కొంగ పేరు బోరిసో మోరిసో, ఒకసారి చూసిపెట్టవే.