ఎండలో తడిసిన లాన్

"ఎండలో నీళ్లు పెట్టొద్దని చెప్పానా లేదా!" అంటూ మధుకర్ సార్ రబ్బరు పైపుతో మా నాయన వీపు మీద మళ్లీ కొట్టాడు. గచ్చిబౌలిలోని ఆ విల్లా ముందు లాన్ అంతా కుళ్లి పసుపెక్కింది.

"తప్పయింది సార్. పనిలకెల్లి తీసెయ్యకుండ్రి," అన్నాడు నాయన.

నాయన నీళ్లు పెట్టేది తెల్లవారుజామునే. మధ్యాహ్నం మళ్లీ పెట్టేది సార్ భార్య హర్షిణి మేడం. ఆమె గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

ఫోన్ మోగితే సార్ పైపు విసిరేసి గేటు దాకా వెళ్లాడు.

"మేడమే పెడ్తదని నేను చెప్తా నాయనా," అన్నాను ఏడుస్తూ.

"ఊకో బిడ్డా. ఇంట్ల ఉంటే ఆమెను గూడ గిట్లనే కొడ్తడు. బయట నీళ్లు పెట్టుకుంట నిలబడితే, పక్కోళ్లు చూస్తరని కొట్టడు."

"మరి నిన్ను అందరి ముందే కొట్టిండు గదా?"

"నన్ను కొడితే ఎవరడుగుతరు?"

సార్ ఫోన్ పెట్టేసి వచ్చాడు. "నువ్వు లోపలికి నడువు," అన్నాడు మేడంతో, పళ్లు కొరుకుతూ. ఆమె గోడకు అంటుకుపోయింది.

పక్క విల్లాలకు వినబడేలా నేను అరిచాను.

"మేడం, ఏ గడ్డి పీకాల్నో జర చూపిస్తరా?"

మేడం చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పరుగెత్తుకొచ్చింది.