రెండు గంటలకోసారి

1993 ఆగస్టు 9, సోమవారం ఉదయం. వనపర్తిలో ఒక చిన్న ఆసుపత్రి గది. అందులో ఉన్నది నలుగురు: మంచం మీద కురుమూర్తి, అతని భార్య కిష్టమ్మ, అతని అక్క రుక్కమ్మ, డాక్టరు. హైదరాబాదులో గుండె ఆపరేషను జరిగిన మర్నాడే పక్షవాతం వచ్చి కురుమూర్తికి కాలూ చెయ్యీ మాటా పడిపోయాయి. కోలుకునేదాకా చూసుకోమని ఇక్కడికి పంపారు.

డాక్టరు అతణ్ణి ఒరగబెట్టి కట్టు విప్పాడు. నడుము కింద పుండు ఎముక దాకా దిగింది. కిష్టమ్మ గోడవైపు తిరిగింది.

“నిద్రవోయి ఉంటది సార్,” అంది రుక్కమ్మ మరదలివైపు చూస్తూ. “గద్వాల్ల మగ్గం గుంటల కూసుంటే పొద్దుగూకేదాంక రెప్ప ఆర్పదు. మొగని కాడ కూసుంటెనే కునుకొస్తది.”

“నువ్వు గీడనే ఉన్నవు గద వదినె. నేను పండుకున్ననా?”

రుక్కమ్మ తమ్ముడి కాళ్ల మీద దుప్పటి సర్దింది.

డాక్టరు మళ్లీ కట్టు కట్టి, రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తెనాలి మనిషి, ఈ ఊరికి వచ్చి ఏడాది కాలేదు.

“కిష్టమ్మా, కోప్పడను. నిజం చెప్పు. రెండు గంటలకోసారి పక్క మార్చమన్నాను. మార్చలేదంటే నాకింకా ఆశ ఉంది. ఇప్పటినుంచైనా సరిగా చూసుకుంటే పుండు మానుతుంది, మనిషి దక్కుతాడు. మార్చినా ఇట్లా అయిందంటే, ఆ గుండె ఒంటికి నెత్తురు అందించలేకపోతోందన్నమాట. అప్పుడిక నా చేతిలో ఏమీ లేదు.”

ఒక్క అబద్ధం చాలుననిపించింది కిష్టమ్మకు. ఆ మాటను నాలుక చివరిదాకా తెచ్చుకుంది.

“మార్చలేదంటే బత్కుతడా సార్?”

“అబద్ధానికి బతకడమ్మా.”

ఆమె ఒకసారి భర్త ముఖం చూసింది.

“మార్చిన సార్. ఒక్కపారి గుడ తప్పలే. ఎదబొక్క కోసి తీగెతోటి కట్టిన్రంట గద. ఆయనకు జర గుడ నొప్పి తెల్వకుండ, పైలంగ మార్చిన.”

ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్ల సందులు ఒరిసి ఎర్రబడ్డాయి. డాక్టరు వాటిని చూసి చూపు తిప్పుకున్నాడు.

“దాని పాపం నాకెందుకు,” అంది రుక్కమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “మార్చింది సార్. తిండి ఇడిసిపెట్టిందిగని మార్చుడు ఇడిసిపెట్టలే. నా కండ్లతోటి సూసిన. ఇందాక కోపానికి అన్న.”

ఆడబిడ్డే సాక్ష్యం పలికాక అనుమానానికి చోటేదీ? డాక్టరు కలం తీశాడు. చికిత్స ఆపించి ఇంటికి తీసుకుపోతున్నామని రాసి, కాగితం ముందుకు జరిపాడు. కురుమూర్తి కళ్లు ఎప్పటిలాగే పైకప్పును చూస్తున్నాయి.

“అయినవాళ్ల మధ్య పోనివ్వండి,” అన్నాడు డాక్టరు. “పక్క మార్చడం మాత్రం మానకమ్మా. ఉన్నన్నాళ్లు కాస్త హాయిగా ఉంటాడు.”

కిష్టమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. తనకిచ్చిన ప్రతిని నాలుగు మడతలు పెట్టి బొడ్డుసంచిలో దాచుకుంది.

“మారుస్త సార్, గీడ లెక్కనె రెండు గంటలకొకటి పరుస్త. ఇంట్ల ఉతికిన దుప్పట్లు శానున్నయి.”