మోగే ఫోను

ఆ శనివారం ఉదయం మా చెల్లెలు లినెట్ టోస్టుకు వెన్న రాస్తోంది. నేను కప్పుల్లో టీ పోస్తున్నాను. దాని భర్త గ్రాంట్ మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ నాయనమ్మ కాలంనాటి డయలు ఫోనును కొత్త బ్రాడ్‌బ్యాండ్ రౌటరుకు తగిలిస్తున్నాడు. బటన్ల ఫోను ముందురోజే పారేశాడట. లినెట్ సెల్లు బాగుచేయిస్తానని పట్టుకెళ్ళి ఇంకా తేలేదు.

అతను తన సెల్లులోంచి చేశాడు. పాత ఫోను గణగణా మోగింది.

"చూశారా వదినా! మీ చెల్లెలైతే ఇది పాతసామాన్లవాడికి ఇచ్చేసేది."

నేను నవ్వాను. "ఏదీ లినెట్, ఓసారి అమ్మకు చెయ్యి."

లినెట్ వేలితో అంకెలన్నీ తిప్పింది. ఫోను కలవలేదు. మళ్ళీ తిప్పింది.

"కలవదులే. ఈ రౌటరుకు డయలు తిప్పితే అర్థం కాదు. ఫోన్లు రావడమే, పోవు," అన్నాడు గ్రాంట్.

"మధ్యలో పెట్టే పరికరం ఏదో ఉందట కదయ్యా. నేను కొనిస్తాను."

"ఎందుకు వదినా దండగ? మధ్యాహ్నం నేను చేసినప్పుడు తను ఎత్తితే చాలు. ఇంట్లో ఉందో లేదో తెలుస్తుంది."

నేను బయల్దేరుతుంటే లినెట్ కారు దాకా వచ్చింది. వంగి, నెమ్మదిగా అడిగింది. "అక్కా, అమ్మ పక్కగది ఇంకా ఖాళీగానే ఉందా?"

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో ప్రార్థన చేసుకుని నిర్ణయించుకున్నాం. సోమవారం తమ్ముడు వ్యాను తీసుకుని వెళ్ళాలి. గ్రాంట్ చేసే మధ్యాహ్నం ఫోను లినెట్ ఎత్తి, మామూలుగా మాట్లాడి పెట్టేశాకే దాన్ని ఎక్కించుకోవాలి.