బోణీ బేరం

పొద్దున్నే దుకాణం తలుపు తెరుచుకోవాలంటే గోడమీది పెట్టె అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలి: "వ్యాపారం ఎలా ఉంది?" దేశమంతా ఇదే పద్ధతి. బోణీ కాకముందు చెడు మాట అనకూడదని మా పూలబజారులో అందరం "బ్రహ్మాండం" అనేవాళ్లం. ఆ జవాబులన్నీ కూడి, దేశం కళకళలాడుతోందని వార్తలు వచ్చేవి. ఇంత బాగున్న బజారుకు సాయమెందుకని, పూలు దాచుకునే సర్కారీ చల్లగదిని రేపటినుంచి మూసేస్తామన్నారు. అది లేకపోతే మధ్యాహ్నానికే మల్లెలన్నీ చెత్తకుప్పలో పోసి, మేము ఇళ్లకు పోవాలి.

ఆ ఉదయం నేను పెట్టెతో "ఏమీ బాగోలేదు, రాసుకో" అన్నాను.

పూలతట్టతో నిలబడ్డ పక్క కొట్టు పైడిరాజు అదిరిపడ్డాడు.

"ఏటి వదినా, బోణీ అవ్వకుండా ఆ మాటేటి!"

"మరి నువ్వు నిజమెప్పుడు చెప్తావు?"

"ముందు బోణీ అవ్వాలి కదేటి!"

అతని తట్టలోంచి మూర మల్లెలు తీసుకుని డబ్బులు చేతిలో పెట్టాను.

"ఇదిగో, అయిపోనాది. ఇప్పుడు చెప్పు."

పైడిరాజు డబ్బులు కళ్లకద్దుకుని తన పెట్టెవైపు తిరిగాడు.

"అస్సలు బాగోలేదెహె!" అని అరిచాడు.

మిగతా కొట్ల తలుపులు తెరుచుకోకముందే, బజారులో ఒకరి పూలు ఒకరు కొనడం మొదలైంది.