మసిగుడ్డ జుబ్బా

ఖతార్ దేశమంతా గాలించినా మనోజ్ఞను మించిన పిసినారి మీకు దొరకదు. కావాలంటే పందెం కాస్తాను. కువైట్ యుద్ధం సద్దుమణిగిన మరుసటి ఏడు, ఏడో నెల కడుపుతో వచ్చి, దోహా నగరం అల్ హిలాల్‌లో చీఫ్ ఇంజనీరుగారి విల్లా గుమ్మంలో నిలబడి కొంగు చాపిందంటే ఇంకేం చెప్పమంటారు?

"పాత గుడ్డ ఏదైనా ఉంటే వేయండి ఆంటీ. పుట్టబోయే బిడ్డకు జుబ్బా కుట్టుకోవాలి."

చీఫ్ ఇంజనీరు భార్య కమలాదేవి మొదట హాస్యమనుకుంది. మనోజ్ఞ మొగుడు అమర్ తన భర్త కిందనే ఇంజనీరు. ఆలుమగలిద్దరూ ఈ మధ్యనే హైదరాబాదు నుంచి దిగారు. జీతానికి లోటు లేదు.

"లోపలికి రా. నా దగ్గర కొత్త మల్లు గుడ్డ ఉంది, కత్తిరించి ఇస్తాను."

"కొత్తది వద్దండి. మీ బాబు విశాల్ తొడిగి విడిచిన చొక్కా ఇవ్వండి. చిరిగినా ఫరవాలేదు."

"వాడి చెమట చొక్కా పసిగుడ్డుకా? పద, షాపులో నేనే కొనిస్తాను."

"కొన్నది వద్దు. ఈ బిడ్డ ఒంటిమీద మొదట పడేది నేను అడిగి తెచ్చుకున్న గుడ్డే కావాలి."

అడుక్కునే గొంతు కాదది, బాకీ వసూలుకు వచ్చిన గొంతు. కమలాదేవికి ఒళ్ళు మండింది.

"తొలికాన్పుకే ఇంత పీనాసితనమా?"

మనోజ్ఞ కొంగు మాత్రం దించలేదు. కమలాదేవి తలుపు వేసేసింది.

ఆ సాయంత్రమే తెలుగు ఇంజనీర్ల ఇళ్ళన్నిటికీ టెలిఫోన్లు వెళ్ళాయి. ఎవరూ మనోజ్ఞకు పీలిక కూడా ఇవ్వకూడదు, అందరి పరువూ పోతుంది. ఆ ఫోన్లకు దోహాలో తీగలు కాగిపోయి, వాటిమీద పిట్టలు కాళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాయి.

మూడోనాడు కారు తుడుస్తూ డ్రైవరు బాషా కబురు చెప్పాడు. అతనిది రాయచోటి పక్క పల్లె.

"మేడమ్, ఆయమ్మ మేముండే నజ్మా పేటకు వచ్చింది. మా రూముల కాడ ఒగ్గ తలుపు గూడా ఇడ్సకుండా కొంగు పట్టింది."

"నువ్వూ ఇచ్చావా?"

"నా లుంగీ సగం చింపి ఇచ్చినా మేడమ్."

"మిగతా సగం?"

"కట్టుకోని ఉండా."

కమలాదేవి ఆ కారులోనే మనోజ్ఞ ఫ్లాటుకు వెళ్ళింది. బాల్కనీలో రంగురంగుల పీలికలు ఉతికి వీధికి కనబడేలా ఆరేసి ఉన్నాయి. మనోజ్ఞ చేతిమిషన్ ముందు కూర్చుని ఉంది. పక్కన అమర్ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. అతని పాత చొక్కా అప్పటికే పాలిచ్చే తల్లి తొడుక్కునే జాకెట్టుగా మారి కుర్చీ మీద వేలాడుతోంది.

"కనీసం ఆ పీలికలు లోపల ఆరెయ్యకూడదూ?"

"ఎండ బయటే ఉందాంటీ."

"ఏమయ్యా అమర్, కంపెనీ నీకు నెలనెలా ఫులూస్ ఇవ్వడం మానేసిందా?"

"ఇస్తోందండీ."

"మరి ఈవిడకు చెప్పుకోలేవా? మా ఆయన తలచుకుంటే నిన్ను తిరుగు విమానం ఎక్కిస్తారు."

అతను దారం కొస తడిపి మళ్ళీ సూదికి గురిపెట్టాడు. మనోజ్ఞే మిషను ఆపింది. "ఎక్కించనివ్వండి. అక్కడా ఇళ్ళున్నాయి. అక్కడా అడుగుతాను."

శుక్రవారం చీఫ్ ఇంజనీరుగారి విల్లాలో విందు. పిలవకుండానే మనోజ్ఞ వచ్చింది. అందరూ చూస్తుండగా హాలు మధ్య నిలబడి మళ్ళీ కొంగు చాపింది.

"మీ ఇంటిది ఒక్కటే తక్కువైందాంటీ. పిల్లవాడు గెంతుతూ తిరిగే ఇల్లిది. ఈ ఇంటి గుడ్డ పడందే నేను జుబ్బా ముగించను."

కమలాదేవి విసవిసా వంటింట్లోకి పోయి, పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డ తెచ్చి విసిరికొట్టింది.

"ఇదిగో. నీ బుద్ధికి తగ్గది."

అది సరిగ్గా కొంగులో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మనోజ్ఞ మసిగుడ్డను కళ్ళకద్దుకుంది.

"మీరు, మీ బాబు చల్లగా ఉండాలి" అని, వచ్చినంత నిటారుగానే వెళ్ళిపోయింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. కమలాదేవి లేసు గౌను ఉన్న పెద్ద అట్టపెట్టెతో ఆసుపత్రికి వెళ్ళింది. బిడ్డ ఒంటిమీద అతుకుల జుబ్బా. కుట్లన్నీ పైకి తిప్పి ఉన్నాయి, లేత చర్మానికి ఒరుసుకోకుండా. గుండీల బదులు మెత్తటి నాడాలు. బాషా లుంగీ గళ్ళు ఒక భుజం మీద. సరిగ్గా గుండె మీద, తెల్లగా ఉతికినా కాలిన మచ్చ పోని మసిగుడ్డ.

"తీసెయ్యవే. వార్డంతా చూస్తోంది."

"చూడనివ్వండి."

"గుండెల మీద పెట్టడానికి ఇదే దొరికిందా?"

"మిగతావాళ్ళు చేతికిచ్చారాంటీ. మీరొక్కరే విసిరేశారు. దానికి మించింది లేదు, అందుకే అక్కడ పెట్టాను."

ఇదెక్కడి తిక్క అనుకుని కమలాదేవి అమర్ వైపు చూసింది. అతను వినడం లేదు. బిడ్డ పొట్ట లేచి పడుతుంటే, లేచి పడుతుంటే, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కమలాదేవి పెట్టె మూత తీయబోయింది.

"అది అక్కడే ఉంచండి ఆంటీ" అంది మనోజ్ఞ. "నడకొచ్చాక వేస్తాను. అప్పుడు మీరు ఎన్ని కొన్నా వేస్తాను."

ఇంతవరకూ చెప్పినదాంట్లో నేను కల్పించింది ఒక్కటే, మనోజ్ఞ పిసినారితనం. అంతకుముందు హైదరాబాదులో కొత్త బట్టలు తొడిగిన బిడ్డలిద్దరూ ఆమెకు దక్కలేదు.