పదిహేనో నెంబరు పంకా

"నాకు పదిహేనో నెంబరే కావాలి," అన్నాడు మా అల్లుడు అర్సేసియో, కిబ్దో రేవులో పడవ ఇంజన్లకి నీళ్ళలో తిరిగే పంకాలమ్మే రైనెల్ కొట్లో నిలబడి.

నెంబరు పెరిగితే పడవ పరుగు తీస్తుంది, తగ్గితే బరువు లాగుతుంది. అత్రాతో నది ఒడ్డున పాలు తాగే పిల్లకైనా ఈ సంగతి తెలుసు.

"పదకొండు పట్టుకెళ్ళు తమ్ముడూ," అన్నాడు రైనెల్. "సముద్రం ఒడ్డున తూర్బోకి కాపురం మారుస్తున్నారుగా. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, మంచం, పంది, ఆపైన మీ అత్తగారు!"

"పంది తరవాతైనా నన్ను తలుచుకున్నావు, సంతోషం నాయనా," అన్నాను.

చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి నూబియా పకపకా నవ్వింది.

"నాకు జోరు కావాలి," అన్నాడు అల్లుడు.

"ఎందుకక్కర్లేదు! మా దొరగారు ఆలస్యం చేస్తే సముద్రం లేచి వెళ్ళిపోదూ?" అన్నాను.

రైనెల్ తల అడ్డంగా ఊపాడు. "ఇంతమంది ఎక్కితే ఆ పంకాతో ఇంజను మూలుగుతుందే గానీ పడవ కదలదు. అది ఒక్కడే వెళ్ళే పడవకి."

అల్లుడు పంకా రెక్కను చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఒక్క గిన్నె తుడిచిన పాపాన పోలేదు మహానుభావుడు.

నూబియా నవ్వు ఆగిపోయింది. 'ఒక్కడే' అన్న మాట నాకూ అప్పుడే తగిలింది.

నూబియా లోపలికొచ్చి, పంకా లాక్కుని బల్ల మీద పెట్టి, చంటిదాన్ని మొగుడి చేతుల్లో పెట్టింది.

"పడవ మా అమ్మది. పదకొండు ఇవ్వన్నా," అంది. "నడిపేది నేను. వస్తానంటే ఈయన్ని కూడా బరువులో లెక్కెయ్యి."