రేకుల మీది బరువు

రాత్రికి ఉరుములు, ఈదురుగాలులు, రేపటి నుంచి మండే ఎండలు అని రేడియో చెప్పింది. ఇంటి రేకులకు మేకులు కొట్టమని మా ఆవిడ ఎన్నాళ్లుగానో పోరుతోంది. నేను రేపు, రేపు అంటూ గడిపేశాను.

గాలి లేచేసరికి రేకులు రెక్కల్లా కొట్టుకున్నాయి.

"ఇవి ఎగిరిపోతే మిమ్మల్నే కప్పుగా పరుస్తా!" అంది.

అంతలో పైన ఎవరో చతికిలబడినట్టు చప్పుడైంది. రేకులు గప్‌చిప్.

"పిల్లేమోనే."

"పిల్లికి దూలం వంగుతుందా?" అంది, గొంతు తగ్గించి.

తెల్లారి చూస్తే వీధిలో అందరి రేకులూ పొలాల్లో పడున్నాయి. మావి కదల్లేదు. నిచ్చెన వేయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇల్లు నిలబెట్టినవాణ్ణి కదపకండి."

పగలు ఎండ నిప్పులు చెరిగింది. కప్పు లేని పక్కిళ్లు పెనాల్లా కాలుతుంటే మా ఇల్లు చెట్టు కింద ఉన్నట్టు చల్లగా ఉంది. అబద్ధమైతే నా మీసం గొరిగించండి. రాత్రి హాయిగా నడుం వాల్చాం. కునుకు పట్టబోతుండగా రేకులు ఈ కొస నుంచి ఆ కొసదాకా కిర్రుమన్నాయి.

"ఏమిటే అది?" అన్నాను గుసగుసగా.

"పగలంతా వీపు కాలింది కదా, పాపం," అంది ఆవిడ దుప్పటి కప్పుకుంటూ. "ఒత్తిగిలి పడుకుంటున్నాడు."